భూమికి వచ్చినది జ్వరము కాదు, వడదెబ్బ

వేసవి రాగానే పత్రికలలోను, పాఠశాలల గోడల మీద పిల్లలు అంటించే పటములలోను ఒక బొమ్మ తప్పక కనిపిస్తుంది. గుండ్రని భూమి, నోటిలో థర్మామీటరు, నుదుటి మీద తడిగుడ్డ, కింద ‘భూమాతకు జ్వరము’ అనే మాట. గీసినవారి ఉద్దేశము మంచిదే. కాని వృత్తి జీవితమంతా జ్వరములను చూసిన ప్రభుత్వ వైద్యుడిగా ఆ మాటతో నేను ఏకీభవించలేను. రోగనిర్ణయము తప్పితే చికిత్స కూడా తప్పుతుంది. భూమికి వచ్చినది జ్వరము కాదు, వడదెబ్బ. ఈ రెండింటికీ గల భేదము తెలిస్తే భూతాపము వెనుక ఉన్న భౌతికశాస్త్రము సామాన్యునికి కూడా సులభముగా అర్థమవుతుంది. మే నెలలో మన ఇంటిలోని వృద్ధులను, మన పొలములో పనిచేసే కూలీలను ఎట్లా కాపాడుకోవాలో కూడా అర్థమవుతుంది.

జ్వరమునకు, వడదెబ్బకు భేదము

మెదడు అడుగుభాగములో హైపోథలమస్ అనే చిన్న భాగము ఉన్నది. శరీరపు ఉష్ణోగ్రత ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. మామూలుగా ఆ నిర్ణయము 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. సూక్ష్మజీవులు శరీరములో ప్రవేశించినపుడు రక్తములో విడుదలయ్యే కొన్ని రసాయనములు ఆ నిర్ణయమును 39 డిగ్రీలకో, అంతకంటె పైకో జరుపుతాయి. అప్పుడు శరీరము తానే వేడిని పెంచుకుంటుంది. చలి వేస్తుంది, వణుకు పుడుతుంది, దుప్పటి కావాలనిపిస్తుంది. పారాసిటమాల్ ఆ నిర్ణయమును మరల కిందికి దింపుతుంది; చెమట పట్టి జ్వరము జారుతుంది. అనగా జ్వరము శరీరము తన అదుపులో ఉంచుకొని చేసే పని.

వడదెబ్బలో జరిగేది వేరు. హైపోథలమస్ 37 డిగ్రీలే కావాలని కోరుతూ ఉంటుంది. కాని లోపల పుట్టిన వేడి బయటకు పోయే దారులు మూసుకుపోతాయి. పోవలసిన వేడి పోక లోపలే పేరుకుంటుంది. శరీరాంతర ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, మాట తడబడుతుంది, స్పృహ తప్పుతుంది, మూత్రపిండములు, కాలేయము దెబ్బతింటాయి. ఇక్కడ పారాసిటమాల్ వలన ప్రయోజనము లేదు. పెరిగిన నిర్ణయమేదీ లేనపుడు ఆ మందు దేనిని దింపుతుంది? నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో పనిచేసిన రోజులలో ఎండలో పడిపోయిన కూలీలకు ఊరిలోనే జ్వరపు సూది వేయించి, గంట రెండు గంటలు వేచి చూసి, అప్పుడు ఎడ్లబండి మీదనో ఆటోలోనో తీసుకువచ్చేవారు. ఆ గంటలోనే ప్రాణము పోయే పరిస్థితి ఏర్పడేది. తప్పు పేరు పెట్టిన ఫలితము అది.

భూమికి హైపోథలమస్ లేదు. తన ఉష్ణోగ్రత ఇంత ఉండాలని అది ఏ నిర్ణయమూ చేసుకోదు. దానికి ఉన్నది జమాఖర్చుల లెక్క మాత్రమే: వచ్చే వేడి ఎంత, పోయే వేడి ఎంత. వచ్చేది దాదాపు అంతే ఉండగా పోయే దారి ఇరుకైనందున భూమి వేడెక్కుతున్నది. అందుకే దీనిని వడదెబ్బ అంటున్నాను. జ్వరమైతే నాలుగు రోజులలో దానంతట అదే తగ్గుతుందనే ఆశ ఉంటుంది. వడదెబ్బకు ఆ ఆశ లేదు.

శరీరపు జమాఖర్చులు

శక్తి కొత్తగా పుట్టదు, నశించదు. ఒక రూపము నుండి మరొక రూపమునకు మారుతుంది. భౌతికశాస్త్రములో ఇది మొదటి పాఠము. మన భోజనమునకు కూడా ఇదే వర్తిస్తుంది. దినమునకు 2000 కిలోకేలరీల ఆహారము తిని, బరువు పెరగక తరగక ఉన్న మనిషి ఆ శక్తినంతటినీ చివరకు వేడిగా మార్చి బయటకు పంపవలసిందే. లెక్క కడితే అది గంటకు 83 కిలోకేలరీలు. విద్యుత్తు భాషలో చెప్పాలంటే సుమారు 100 వాట్లు. మన ప్రతి ఒక్కరము నూరు వాట్ల పాతకాలపు దీపమువలె రాత్రింబవళ్ళు వేడిని వెదజల్లుతున్నాము. కండరములు యంత్రములుగా అంత సమర్థమైనవి కావు. అవి వాడే శక్తిలో నాలుగవ వంతో, అయిదవ వంతో పనిగా మారి మిగిలినది వేడి అవుతుంది. అందుకే గడ్డపారతో మట్టి తవ్వే మనిషిలో వేడి గంటకు 300 కిలోకేలరీలకు చేరుతుంది.

అరవై కిలోల శరీరమును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 50 కిలోకేలరీలు చాలు. కనుక వేడి పోయే దారులన్నీ మూసుకుపోతే, ఊరక కూర్చున్న మనిషి కూడా గంటకు ఒకటిన్నర డిగ్రీకి పైగా వేడెక్కుతాడు. రెండు గంటలలోపే 37 నుండి 40కి చేరుతాడు. మట్టి తవ్వే మనిషికి అరగంట చాలు. ఓర్పు, అలవాటు, కండబలము కొంతవరకు తోడ్పడతాయి గాని ఈ లెక్కను తప్పించలేవు. ‘మేము ఎండకు అలవాటు పడ్డవాళ్ళము’ అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. అలవాటు వలన చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, నిజమే. ఆ చెమట ఆరకపోతే ఆ అలవాటు వలన ఫలము లేదు.

వేడి పోయే దారులు నాలుగు. చర్మము నుండి కిరణముల రూపములో చుట్టుపక్కలకు పోవడము, తాకిన వస్తువులోనికి పోవడము, వీచే గాలి తీసుకుపోవడము, చెమట ఆవిరి కావడము. చర్మము సుమారు 35 డిగ్రీలు ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి, గోడలు, నేల అంతకంటె వేడిగా ఉన్నపుడు మొదటి మూడు దారులు ఎదురు తిరుగుతాయి. వాటి గుండా వేడి లోపలికి వస్తుంది. మే నెల మధ్యాహ్నము మనకు మిగిలేది చెమట ఒక్కటే. అది గొప్ప సాధనము. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసుకుపోతుంది. మట్టి తవ్వే మనిషికి గంటకు అర లీటరు చెమట ఆరితే తన పనివలన పుట్టిన వేడి అంతా పోతుంది. ఇక్కడ ‘ఆరితే’ అనే మాట ముఖ్యము. నేల మీదికి కారిపోయిన చెమట శరీరమును చల్లబరచదు. నీటిని, ఉప్పును మాత్రము హరిస్తుంది.

కుండ చెప్పే సత్యము

చెమట ఆరుతుందో లేదో తెలిపే పరికరము మన ఇండ్లలో తరతరాలుగా ఉన్నది. అది మట్టికుండ. కుండ గోడల సన్నని రంధ్రముల గుండా నీరు ఊరి, బయట ఆవిరి అవుతూ లోపలి నీటి వేడిని తీసుకుపోతుంది. చెమట చేసే పని కూడా ఇదే. గాలి పొడిగా ఉంటే కుండలోని నీరు చల్లగా ఉంటుంది. గాలిలో తేమ నిండితే ఊరిన నీరు ఆవిరి కాక కుండ అడుగున చెమ్మగా నిలుస్తుంది, నీరు చల్లబడదు. పల్నాడులోని రెంటచింతలలోనో, రామగుండములోనో నడివేసవిలో కుండ నీరు హాయిగా ఉండి, కాకినాడలో, మచిలీపట్నములో అంత చల్లబడకపోవడానికి కారణము ఇదే. కుండ చల్లబడని రోజున మన శరీరము కూడా చల్లబడదు.

శాస్త్రజ్ఞులు కుండకు బదులు థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగలనిచ్చి కొలుస్తారు. దానిని వెట్ బల్బ్ ఉష్ణోగ్రత అంటారు. చెమట ఎంత సమర్థముగా ఆరినా చర్మము దాని కంటె కిందికి చల్లబడలేదు. అది 35 డిగ్రీలకు చేరితే నీడలో, గాలికి, కావలసినన్ని నీళ్ళు తాగుతూ కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకడము కష్టమని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ అనే శాస్త్రజ్ఞులు లెక్కగట్టి చూపారు. తరువాత అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయములో ఆరోగ్యవంతులైన యువతీయువకులను గదిలో ఉంచి పరీక్షించి, 2022లో ఫలితములు ప్రకటించారు. తేమ ఎక్కువగా ఉన్నపుడు 31 డిగ్రీల దగ్గరే శరీరము అదుపు తప్పడము మొదలయింది. వృద్ధులలో ఆ హద్దు ఇంకా కింద ఉంటుందని వేరే చెప్పనవసరము లేదు.

ఇప్పుడు ఒక పోలిక. ఒక ఊరిలో 44 డిగ్రీల ఎండ, గాలిలో తేమ 20 శాతము. అక్కడ వెట్ బల్బ్ ఉష్ణోగ్రత సుమారు 25. సముద్రతీరములో మరొక ఊరిలో 36 డిగ్రీలే, కాని తేమ 70 శాతము. అక్కడ వెట్ బల్బ్ ఉష్ణోగ్రత సుమారు 31. మరునాటి పత్రికలో పెద్ద అక్షరములలో వచ్చేది మొదటి ఊరి పేరే. నిజానికి రెండవ ఊరిలో వేడి పోయే చివరి దారి కూడా మూసుకుపోతున్నది. పొడి ఎండ ప్రమాదకరము కాదని నేను అనడము లేదు. అక్కడ వేడి గాలి నుండి శరీరములోనికి ప్రవహిస్తుంది, నీరు ఉప్పు వేగముగా తరుగుతాయి. కాని నీరు, నీడ, విశ్రాంతి ఇస్తే చాలావరకు కాపాడవచ్చును, దారి తెరచి ఉన్నది కనుక. ఉక్కపోతలో ఎన్ని నీళ్ళు తాగించినా దారి తెరుచుకోదు.

భూమి జమాఖర్చులు

ఇక భూమి సంగతి. భూమికి వేడిని పోగొట్టుకోవడానికి నాలుగు దారులు లేవు, ఒక్కటే ఉన్నది. చుట్టూ శూన్యము, తాకడానికి వస్తువు లేదు, వీచడానికి గాలి లేదు. కిరణముల రూపములో అంతరిక్షములోనికి పంపడమే మార్గము. సూర్యుని నుండి వచ్చే శక్తిని పగలు రాత్రి, ధ్రువములు భూమధ్యరేఖ అన్నీ కలిపి సగటు చూస్తే చదరపు మీటరుకు 340 వాట్లు. అందులో సుమారు 100 వాట్లు మబ్బుల మీద, మంచు మీద, ఇసుక మీద పడి వెనుకకు మరలిపోతాయి. మిగిలిన 240 వాట్లను భూమి గ్రహిస్తుంది. అంతే మొత్తమును కంటికి కనిపించని పరారుణ కిరణములుగా తిరిగి పంపితేనే లెక్క సరిపోతుంది.

ఈ పరారుణ కిరణములను గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అడ్డగించవు. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్ వంటివి అడ్డగించి, కొంత వేడిని మరల కిందికి పంపుతాయి. ఈ దుప్పటి పూర్తిగా లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నాకు కింద 18 డిగ్రీలు ఉండేది. దుప్పటి ఉన్నందువలననే 15 డిగ్రీల దగ్గర ఉండి జీవకోటి బతుకుతున్నది. మబ్బులు లేని శీతకాలపు రాత్రి చలి కొరికివేయడము, మబ్బు పట్టిన రాత్రి అంత చలి లేకపోవడము మన రైతులందరికీ తెలిసిన విషయమే. కనుక దుప్పటి చెడ్డది కాదు, దాని మందము పెరగడము చెడ్డది.

ఇది నిన్న మొన్న కనిపెట్టిన సంగతి కాదు. 1824లో ఫ్రాన్సు దేశపు ఫూరియే వాతావరణము భూమి వేడిని నిలుపుతుందని ఊహించాడు. 1856లో అమెరికాలో యూనిస్ ఫుట్ అనే స్త్రీ గాజు గొట్టములలో వేర్వేరు వాయువులు నింపి ఎండలో పెట్టి, బొగ్గుపులుసు వాయువు ఉన్న గొట్టము ఎక్కువ వేడెక్కడము గమనించింది. 1859లో జాన్ టిండల్ ప్రయోగశాలలో ఆ వాయువులు వేడి కిరణములను పీల్చడమును కొలిచాడు. 1896లో స్వీడన్ దేశపు అర్హీనియస్ ఆ వాయువు పెరిగితే భూమి ఎంత వేడెక్కుతుందో కాగితము మీద లెక్కవేశాడు. 1958లో చార్ల్స్ కీలింగ్ హవాయిలోని మౌనా లోవా పర్వతము మీద కొలతలు మొదలుపెట్టాడు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల పాళ్ళకు 280 పాళ్ళు ఉన్న బొగ్గుపులుసు వాయువు, కీలింగ్ కొలిచేనాటికి 315కు, ఇప్పుడు 420 దాటి పైకి చేరింది.

‘సూర్యుడే వేడెక్కాడేమో’ అని అడిగేవారు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. సూర్యుడు వేడెక్కితే వాతావరణపు పై పొరలు, కింది పొరలు రెండూ వేడెక్కాలి. 1979 నుండి ఉపగ్రహములు కొలుస్తున్న ప్రకారము కింది పొర వేడెక్కుతున్నది, పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతున్నది. మందపాటి దుప్పటి కప్పుకున్న మనిషి ఒళ్ళు వేడెక్కి, దుప్పటి పై ముఖము చల్లగా ఉంటుంది కదా. లక్షణములన్నీ దుప్పటినే చూపుతున్నాయి.

మరొక అపోహ కూడా తొలగాలి. మన పొయ్యిలు, ఇంజన్లు, కర్మాగారములు వెదజల్లే వేడి నేరుగా భూమిని వేడెక్కిస్తున్నదని కొందరు అనుకుంటారు. ప్రపంచములోని మనుషులందరూ కలిసి వాడే శక్తి సుమారు 20 లక్షల కోట్ల వాట్లు. దుప్పటి మందము వలన పోలేక భూమి మీద మిగిలిపోతున్న వేడి చదరపు మీటరుకు సుమారు ఒక వాటు. చిన్నదిగా కనిపిస్తుంది గాని, 51 కోట్ల చదరపు కిలోమీటర్ల భూమికి లెక్కకడితే అది సుమారు 500 లక్షల కోట్ల వాట్లు. అనగా మనము మండించిన మంట వేడికి ఇరవై అయిదు రెట్లు. మంట ఒకసారి మండి ఆరిపోతుంది. దాని నుండి వచ్చిన వాయువు వందల సంవత్సరములు, అందులో కొంత వేల సంవత్సరములు గాలిలో ఉండి, ప్రతిదినము వేడిని ఆపుతూనే ఉంటుంది.

రెండు వడదెబ్బలు కలిసే చోటు

భూమి మీద మిగిలిన ఆ వేడిలో తొంభై శాతమునకు పైగా సముద్రములలోనికి పోతున్నది. సముద్రము వేడెక్కితే నీరు ఎక్కువగా ఆవిరి అవుతుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది పట్టుకోగల నీటి ఆవిరి సుమారు ఏడు శాతము పెరుగుతుంది. మన తీరమంతా బంగాళాఖాతము పక్కనే ఉన్నది. భూమి వేడి పోయే దారి ఇరుకైనందువలన గాలిలో తేమ పెరుగుతుంది. తేమ పెరిగినందువలన మన చెమట ఆరే దారి ఇరుకవుతుంది. భూమికి తగిలిన దెబ్బ మన శరీరమునకు ఈ విధముగా చేరుతున్నది. నీటి ఆవిరి కూడా దుప్పటిలో భాగమే కనుక రాత్రివేళ నేల చల్లబడదు. పగలు దెబ్బతిన్న శరీరము రాత్రి కోలుకోవాలి. ఆ కోలుకునే సమయము కూడా పోతే మరునాటి పగలు ప్రాణాంతకమవుతుంది.

‘ఒకటిన్నర డిగ్రీకే ఇంత గోలా?’ అనే ప్రశ్న కూడా వింటున్నాను. 2024వ సంవత్సరములో భూమి సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగమునకు ముందున్న దానికంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువ. ఖండములు మంచుతో కప్పబడిన గత హిమయుగమునకు, ఆ యుగము ముగిసిన తరువాతి కాలమునకు సగటులో తేడా అయిదారు డిగ్రీలు మాత్రమే. మన శరీరములో 37కు, ప్రాణము మీదికి వచ్చే 40కి మధ్య ఉన్నది మూడు డిగ్రీలు. సగటు కొంచెము జరిగితే అంచున ఉన్న రోజులు అంచు దాటుతాయి. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములలో కలిపి పదిహేను వందల మందికి పైగా ఎండదెబ్బకు మరణించారు. అవి లెక్కకు ఎక్కినవి. గుండెపోటు అని, మూత్రపిండముల వైఫల్యము అని రాయబడిన వేసవి మరణములలో ఎన్నింటికి అసలు కారణము వేడియో లెక్క చెప్పేవారు లేరు.

శక్తి శత్రువు కాదు

ఇంత చెప్పినంత మాత్రాన విద్యుత్తు మానండి, చీకటిలో ఉండండి అని నేను చెప్పను. బలిష్ఠుడైన కూలీ నిలకడగా చేయగల పని సుమారు 75 వాట్లు. ఒక యూనిట్ విద్యుత్తు అతని పదమూడు గంటల కండ కష్టమునకు సమానము. రోకలి, తిరగలి, మోట, బావి తాడు వీటి నుండి స్త్రీలను, కూలీలను విడిపించినది ఈ శక్తియే. టీకాలు చెడిపోకుండా ఉంచిన శీతల పెట్టెలు, శస్త్రచికిత్స గదిలోని దీపము దానివే. భారతీయుడు సంవత్సరమునకు సగటున విడుదల చేసే బొగ్గుపులుసు వాయువు సుమారు రెండు టన్నులు. ప్రపంచ సగటులో సగము కంటె తక్కువ. అమెరికా పౌరునితో పోలిస్తే ఏడవ వంతు. రేకుల ఇంటిలో ఒక ఫ్యానుతో బతికే కుటుంబమునకు పొదుపు పాఠము చెప్పడము అన్యాయము.

కాని ఆ శక్తిని ఎక్కడ నుండి తెచ్చుకుంటున్నామనేది వేరే ప్రశ్న. మన దేశపు విద్యుత్తులో మూడువంతులకు దగ్గరగా బొగ్గు నుండి వస్తున్నది. బొగ్గులోని శక్తిలో మూడవ వంతు మాత్రమే విద్యుత్తుగా మారి, మిగిలినది పొగగొట్టము నుండి, నీటిని చల్లార్చే గోపురముల నుండి వేడిగా పోతుంది. ఒక్కొక్క యూనిట్‌కు సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గదిలోని అయిదు వేల వాట్ల వేడిని తీసి, తాను వాడుకున్న పదిహేను వందల వాట్లను కూడా కలిపి వీధిలోనికి వదులుతుంది. చల్లదనమును అది పుట్టించదు. వేడిని లోపలి నుండి బయటకు తోస్తుంది. ఆ వీధిలో కూరగాయలు అమ్ముకునే మనిషి మన గది వేడిని కూడా భరిస్తున్నాడు. వృద్ధులకు, రోగులకు ఏసీ అవసరమే. ఉన్నవారు 26 డిగ్రీల దగ్గర పెట్టి, ఫ్యాను తోడు వేసుకుంటే చాలు.

సూర్యుని నుండి పగలు విద్యుత్తు తీసుకోవచ్చును. రాత్రికి దాచడమే కష్టము. ఒక యూనిట్ దాచాలంటే సుమారు నాలుగు టన్నుల నీటిని నూరు మీటర్ల ఎత్తుకు తోడాలి. అయినను అది మనకు తెలియని విద్య కాదు. శ్రీశైలము ఎడమగట్టు కేంద్రములో నీటిని వెనుకకు తోడగల యంత్రములు ఉన్నాయి. పగటి ఎండతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి దీపము వెలిగించడము సాధ్యమే. దుప్పటిని ఇప్పుడు తీసివేయలేము. ఇంకొక పొర కప్పకుండా ఆగగలము. వడదెబ్బ రోగికి కూడా ముందు చేసేది ఎండ నుండి తప్పించడమే కదా.

నా విన్నపములు

ప్రభుత్వములను కోరేది మొదట చెబుతాను. ఎండ హెచ్చరికలో ఉష్ణోగ్రతతో పాటు తేమను కూడా చెప్పాలి. భారత వాతావరణ శాఖ 2023 నుండి తేమను కలిపిన ఉష్ణ సూచికను ప్రయోగాత్మకముగా ఇస్తున్నది. ఆ సంఖ్య పంచాయతీ మైకు వరకు, ఆశా కార్యకర్త ఫోను వరకు రావాలి. రెండవది, బయట పని ఆపవలసిన హద్దు సంఖ్యలో ఉండాలి, మేస్త్రీ దయ మీద ఉండరాదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుండి మనవారు వేలాదిగా వెళ్ళి పనిచేసే గల్ఫ్ దేశములలో ఈ నియమము ఉన్నది. ఖతర్‌లో జూన్ 1 నుండి సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 నుండి మధ్యాహ్నము మూడున్నర వరకు ఎండలో పని నిషేధము. అంతేకాక ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 దాటితే ఏ సమయములోనైనా పని ఆపాలి. అమలులో లోపములు ఉండవచ్చును గాని, నియమమంటూ ఉన్నది. అక్కడ తెలుగువానికి ఉన్న హద్దు ఇక్కడ తెలుగువానికి ఎందుకు ఉండరాదు? మూడవది, వేసవి మరణములను సక్రమముగా నమోదు చేయాలి. అహమ్మదాబాదులో 2010 మే నెలలో మామూలు కంటె సుమారు 1,300 మరణములు అధికముగా జరిగాయని లెక్క తేలిన తరువాతనే, 2013లో ఆ నగరము వేడిని ఎదుర్కొనే ప్రణాళికను తెచ్చుకున్నది. లెక్క లేని రోగమునకు నిధులు రావు.

ఇక మన ఇండ్లలో. వృద్ధులకు దాహము సరిగా తెలియదు; అడగకుండానే గంటకు ఒకసారి నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, రాగి అంబలి ఇవ్వండి. మూత్రము ఎక్కువగా పోయే మందులు, కొన్ని రక్తపోటు మందులు, మానసిక వ్యాధుల మందులు వాడేవారు వేసవికి ముందే తమ వైద్యునితో మాట్లాడాలి. తమంతట తాము మానరాదు. గాలి 40 డిగ్రీలు దాటి పొడిగా ఉన్నపుడు ఒట్టి ఫ్యాను వేడిగాలిని ఒంటి మీదికి తోస్తుంది. ఒంటిని తడిపి ఫ్యాను కింద కూర్చుంటే మేలు. ఉక్కపోత రోజున బరువు పనులు తెల్లవారుజామునకు మార్చండి.

ఎవరైనా ఎండలోనో, ఉక్కలోనో పనిచేస్తూ మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, కూలిపోయినా అది వడదెబ్బే అనుకోండి. చెమట పడుతున్నది కనుక కాదులే అనుకోవద్దు. 108కి కబురు చేస్తూనే చల్లబరచడము మొదలుపెట్టండి. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసరండి. తొట్టి ఉంటే తల నీటి పైన ఉండేట్లు పట్టుకొని చల్లని నీటిలో కూర్చోబెట్టండి. చంకలలో, మెడకు, గజ్జలలో మంచు ఉంచండి. స్పృహ లేనివారి నోటిలో నీరు పోయవద్దు. జ్వరపు మాత్ర, జ్వరపు సూది కొరకు సమయము వృథా చేయవద్దు. మొదటి అరగంటలో ఉష్ణోగ్రత దిగితే చాలామంది బతుకుతారు.

ఈ మే నెలలో పత్రికలో ఎండ సంఖ్య చూసినపుడు పక్కనే తేమ సంఖ్య ఎంతో కూడా చూడండి. అది లేకపోతే వంటింటిలో కుండను తాకి చూడండి. నీరు చల్లబడలేదంటే ఆ మధ్యాహ్నము మీ ఇంటి పనిమనిషిని, పొలములోని కూలీని, వీధిలోని బండివానిని నీడకు పిలవండి.